హైదరాబాదునుండి బెంగుళూరునకు: ఆకాశమున దూరమెంత? ఇంటినుండి కాలమెంత?

రెండు ఊళ్ల నడుమ దూరమెంత యని అడిగినచో మన పెద్దలు రెండు విధముల బదులు చెప్పెడివారు. ఒకటి, కోసులలోను ఆమడలలోను చెప్పు లెక్క. రెండవది, కాలముతో చెప్పు లెక్క. 'తొలికోడి కూతకు బయలుదేరినచో దీపాలవేళకు చేరుదురు' అనియో, 'రెండు పూటల ప్రయాణము, నడుమ ఒక మజిలీ' అనియో చెప్పెడివారు. వీనిలో బాటసారికి నిజముగా ఉపకరించినది రెండవ లెక్కయే. ఏలయన, దారిలో వాగు ఉండవచ్చును, బండి దొరకకపోవచ్చును, పడవకై వేచియుండవలసి రావచ్చును. ఆమడల లెక్కకు ఇవి యేవియు తెలియవు.

విమానములు వచ్చిన పిదప ఈ రెండవ లెక్కను మనము కొంత మరచితిమి. 'హైదరాబాదునుండి బెంగుళూరునకు గంట ప్రయాణము' అను మాట నేడు ప్రతివారి నోటను వినవచ్చుచున్నది. ఆ గంట ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో మాత్రము అడుగువారు తక్కువ. ఈ ప్రశ్న నగరవాసులకంటె, ఆ రెండు నగరముల నడుమ నివసించువారికి మరింత ముఖ్యమైనది. నాగపూరునుండి హైదరాబాదు, కర్నూలు, అనంతపురముల మీదుగా బెంగుళూరునకు పోవు జాతీయ రహదారి, పూర్వము 7వ సంఖ్య గలది, నేడు 44వ సంఖ్య గలది, పాలమూరు సీమలోని కొత్తకోట మీదుగా పోవుచున్నది. ఆ ఊరు ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. 2016నుండి వనపర్తి జిల్లాలో చేరినది. అచటి కుటుంబములలో బిడ్డ బెంగుళూరున ఉద్యోగము చేయుచుండవచ్చును, లేదా చదువుచుండవచ్చును. బంధువు అచటి ఆసుపత్రిలో ఉండవచ్చును. తక్షణము బయలుదేరి రమ్మని కబురు వచ్చినప్పుడు, ఉత్తరముగా శంషాబాదునకు పోయి విమానమెక్కుటయా, లేక దక్షిణముగా నేరుగా రహదారి పట్టుటయా? తొందరలో తప్పుగా నిర్ణయించినచో పోవునది డబ్బు మాత్రమే కాదు. కావున ఈ లెక్కను స్థిమితముగా ముందే వేసి చూచుకొనుట మంచిది.

మొదట దూరమును తేల్చుదము. దీనికి ఇంటిలోని బడిపిల్లల అట్లాసు చాలును. శంషాబాదు విమానాశ్రయము ఉత్తర అక్షాంశము 17 డిగ్రీల 14 నిమిషములవద్ద, తూర్పు రేఖాంశము 78 డిగ్రీల 26 నిమిషములవద్ద ఉన్నది. బెంగుళూరు విమానాశ్రయము, అనగా దేవనహళ్ళివద్ద గల కెంపేగౌడ విమానాశ్రయము, 13 డిగ్రీల 12 నిమిషముల అక్షాంశముమీద, 77 డిగ్రీల 42 నిమిషముల రేఖాంశముమీద ఉన్నది. అక్షాంశములలో తేడా 4 డిగ్రీలు, పైన 2 నిమిషములు. అక్షాంశమున ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు గనుక, ఉత్తర దక్షిణములుగా దూరము ఇంచుమించు 447 కిలోమీటర్లు. రేఖాంశములలో తేడా 44 నిమిషములు. మన ప్రాంతమున రేఖాంశమొక డిగ్రీ సుమారు 107 కిలోమీటర్లే యగును. కావున తూర్పు పడమరలుగా దూరము 78 కిలోమీటర్లు. ఈ రెండింటిని లంబకోణ త్రిభుజమునకు భుజములుగా తీసికొని కర్ణమును కట్టినచో 450 కిలోమీటర్లకు మూడు నాలుగు కిలోమీటర్లు పైన తేలును. మైళ్లలో చెప్పినచో సుమారు 280 మైళ్లు.

పటముమీద స్కేలు పెట్టి ఈ రెండు స్థలములను కలిపినచో ఆ గీత నాగర్‌కర్నూలు దాపున సాగి, కర్నూలునకు తూర్పున ఓర్వకల్లు దగ్గరగా, తాడిపత్రి, పుట్టపర్తి పరిసరముల మీదుగా పోవును. రహదారి అట్లు పోదు. అది జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు దాటి, బీచుపల్లివద్ద కృష్ణను, కర్నూలువద్ద తుంగభద్రను దాటి, డోను, గుత్తి, అనంతపురము, పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్ళాపురములమీదుగా దేవనహళ్ళి చేరును. ఊళ్లను కలుపుచు, నదులను దాటుటకు అనువైన తావులను వెదకుకొనుచు పోవు దారి గనుక, ఆ గీతకు పడమరగా వంగిపోయినది. కొత్తకోటవద్ద ఆ వంపు సుమారు 35 కిలోమీటర్లు. ఈ కారణముచేత విమానాశ్రయమునుండి విమానాశ్రయమునకు రోడ్డు కొలత 500 కిలోమీటర్లకు పైచిలుకు అగుచున్నది.

ఇచట ఒక వింత గమనింపదగినది. ఆకాశదూరము 2008నకు పూర్వము ఇంతకంటె ఎక్కువగా ఉండెను. అప్పుడు హైదరాబాదు విమానములు బేగంపేటనుండియు, బెంగుళూరు విమానములు నగరములోని హిందూస్థాన్ ఏరోనాటిక్సు వారి మైదానమునుండియు ఎగిరెడివి. ఆ రెండింటి నడుమ దూరము సుమారు 505 కిలోమీటర్లు. 2008 మార్చి 23న శంషాబాదున, అదే సంవత్సరము మే 24న దేవనహళ్ళిలో రాకపోకలు మొదలయ్యెను. హైదరాబాదు విమానాశ్రయము ఊరికి దక్షిణమునకును, బెంగుళూరు విమానాశ్రయము ఊరికి ఉత్తరమునకును జరిగినవి. అనగా రెండును ఒకదానికొకటి ఎదురు వచ్చినట్లయినది. నగరములు కదలకయే, వాని నడుమ విమానదూరము 50 కిలోమీటర్లు తగ్గినది. కాని ఆ తగ్గిన కిలోమీటర్లు మాయమైపోలేదు. అవి ఆకాశమునుండి దిగి రోడ్డుమీదకు వచ్చినవి. వాయువేగమున నాలుగు నిమిషములలో ముగియు దూరము నగరపు రద్దీలో రెండు గంటలకు పైగా పట్టు దూరముగా మారినది. ఈ కష్టమును కొంత తగ్గించుటకే మెహదీపట్నమునుండి ఆరాంఘర్ వరకు 11 కిలోమీటర్లకు పైబడిన పొడవుగల పి.వి. నరసింహారావు పైవంతెన మార్గమును నిర్మించి 2009 అక్టోబరులో తెరచిరి.

విమానము మనము గీచిన గీతమీదనే పోవునా యనిన, పోదు. శంషాబాదున గాని దేవనహళ్ళిలో గాని రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నవి. ప్రయాణమేమో ఉత్తర దక్షిణములుగా. విమానము గాలికి ఎదురుగా లేచుట, ఎదురుగా దిగుట క్షేమకరము. తొలకరినుండి వానకాలమంతయు పడమటిగాలి వీచును గనుక విమానము పడమటికి ముఖము పెట్టి లేచి, పిదప ఎడమకు తిరిగి దక్షిణముగా పోవలెను. శీతకాలమున తూర్పుగాలి వీచునప్పుడు తూర్పుగా లేచి కుడికి తిరుగవలెను. దిగునప్పుడును ఇట్లే, తిన్నగా వచ్చి వాలుటకు వీలులేదు, ఒక ప్రక్కకు పోయి తిరిగి రన్‌వే వరుసలోనికి రావలెను. మార్గమధ్యమునను నియమితమైన గగనమార్గములు కలవు. ఈ మలుపులన్నిటివలన అసలు ప్రయాణదూరము గీతకంటె కొన్ని పదుల కిలోమీటర్లు పెరుగును.

రేడియో గల కుటుంబములకు ఆసక్తి కలిగించు విషయ మొకటి ఇచట చెప్పదగియున్నది. పైలట్టు తాను విమానాశ్రయమునకు ఎంత దూరమున ఉన్నాడో తెలిసికొనుటకు చాలకాలముగా రేడియోనే వాడుచున్నాడు. విమానమునుండి ఒక రేడియో స్పందనము నేలమీది కేంద్రమునకు పోవును. ఆ కేంద్రము వెంటనే బదులు పంపును. పోయి వచ్చుటకు పట్టిన కాలమును కొలిచి, రేడియో తరంగము సెకనుకు మూడులక్షల కిలోమీటర్లు పోవునను లెక్కచేత యంత్రము దూరమును చూపును. దూరమును కాలముతో కొలుచుట, చూడుడు, మన పెద్దల పద్ధతియే! పైలట్టు, నేలమీది అధికారి మాటలాడుకొను తరంగములు 118నుండి 137 మెగాహెర్ట్‌జుల వరకు ఉండును. అనగా మన ఇండ్లలో వినవచ్చు ఎఫ్.ఎం. ప్రసారముల వరుస 108వద్ద ముగిసిన పిదప కొంచెము పైన. వారు దూరమును నాటికల్ మైళ్లలో చెప్పుకొందురు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. వారి లెక్కలో మన రెండు విమానాశ్రయముల నడుమ దూరము సుమారు 245 నాటికల్ మైళ్లు.

ఇక కాలము. నేడు ఈ మార్గమున విరివిగా తిరుగు జెట్ విమానములు పై యెత్తున గంటకు ఇంచుమించు 830 కిలోమీటర్ల వేగముతో పోగలవు. ఆ వేగమున 453 కిలోమీటర్లకు 33 నిమిషములు చాలవలెను. కాని టైముటేబులులో గంటా పది నిమిషములనియో, గంటా ఇరువది నిమిషములనియో ఉండును. తక్కిన కాలము ఎక్కడ పోయినది?

మొదటి సంగతి, టైముటేబులులోని కాలము విమానము గాలిలో ఉన్న కాలము కాదు. ద్వారమునుండి చక్రములు కదలినది మొదలు, అవతల ద్వారమువద్ద చక్రములు ఆగువరకు గల కాలము. రన్‌వే వరకు మెల్లగా నడుచుట, ముందున్న విమానములకై ఆగుట, దిగిన పిదప మరల నడుచుట, ఇవన్నియు అందు చేరును. రెండవ సంగతి, ఆ 830 కిలోమీటర్ల వేగము పై యెత్తుననే లభించును. పది కిలోమీటర్ల ఎత్తునకు ఎక్కుటకు ఇరువది నిమిషముల వరకు పట్టును; ఆలోపల 150, 200 కిలోమీటర్లు గడచిపోవును. దిగుటకు పైలట్లకు ఒక సులభసూత్రము కలదు: వేయి అడుగులు దిగుటకు మూడు నాటికల్ మైళ్లు కావలెను. ఆ లెక్కను 33,000 అడుగులనుండి దిగుటకు సుమారు 100 నాటికల్ మైళ్లు, అనగా 185 కిలోమీటర్లు కావలెను. ఎక్కుటకు, దిగుటకు కలిపి 350 కిలోమీటర్లు పోగా, సమముగా పూర్ణవేగమున పోవు దూరము ఎంత మిగిలినది? నూరు కిలోమీటర్లకు అటునిటు. హైదరాబాదు బెంగుళూరు ప్రయాణము ఒక కొండ ఎక్కి దిగినట్టిది. పైన చదును చాల తక్కువ.

దీనినిబట్టి మరియొకటి తెలియుచున్నది. హైదరాబాదునుండి ఢిల్లీకి ఆకాశదూరము సుమారు 1,250 కిలోమీటర్లు. బెంగుళూరు దూరమునకు ఇది రెండున్నర రెట్లకు మించినది. కాని విమానకాలము రెండుంబావు గంటల ప్రాంతము, రెట్టింపునకు మించదు. ఎక్కుట, దిగుట, నేలపై నడుచుట అను ఖర్చు దూరప్రయాణమునకైనను దగ్గర ప్రయాణమునకైనను ఇంచుమించు ఒక్కటే. కావున దూరము పెరిగినకొలది విమానమువలని లాభము పెరుగును; దూరము తగ్గినకొలది కరగిపోవును.

పూర్వకాలముతో పోల్చి చూచుటయు బోధకరము. 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్సునందు విలీనమగువరకు దక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ బేగంపేట కేంద్రముగా డకోటా విమానములను నడిపెను. డకోటా వేగము గంటకు 270, 280 కిలోమీటర్లు. బేగంపేటనుండి బెంగుళూరునకు అది దాదాపు రెండు గంటలు తీసికొనవలసినదే. నేటి జెట్ వేగము దానికి మూడు రెట్లు. కాని ఆనాడు విమానస్థలము ఊరినంటి యుండెను; తనిఖీలు స్వల్పము. యంత్రము మూడు రెట్లు వేగవంతమైనను, ఇంటినుండి ఇంటికి ప్రయాణము మూడవ వంతునకు తగ్గలేదు.

ఇప్పుడు నగరవాసి లెక్కను చూతము. సికిందరాబాదువంటి చోటనుండి శంషాబాదునకు రమారమి గంట. విమానము కదలుటకు రెండు గంటలముందు చేరుట మంచిదని సలహా. విమానములో గంటా పదిహేను నిమిషములు. దిగి సామాను తీసికొని వెలికి వచ్చుటకు అరగంట. దేవనహళ్ళినుండి బెంగుళూరు నడిబొడ్డునకు 35 కిలోమీటర్లకు పైమాటయే. గంట, గంటుంబావు పట్టును. మొత్తము ఆరు గంటలు. కాచిగూడనుండి యశ్వంతపురమునకు 2023 సెప్టెంబరులో మొదలైన వందేభారత్ రైలు తొలి టైముటేబులులో ఇంచుమించు ఎనిమిదిన్నర గంటలు తీసికొన్నది. రోడ్డుమార్గమున తొమ్మిది, పది గంటలు. కావున నగరవాసికి విమానమువలన రెండు మూడు గంటల లాభము కలదు. అది లాభమే, కాని 'గంట ప్రయాణము' అను మాటకు చాల దూరము.

కొత్తకోటవాసి లెక్క వేరు. అచటినుండి శంషాబాదు విమానాశ్రయమునకు రోడ్డున సుమారు 115 కిలోమీటర్లు, రెండు గంటలు. ముందుగా చేరవలసిన రెండు గంటలు. విమానమున గంటా పదిహేను నిమిషములు, సామానునకు అరగంట, నగరములోనికి గంటుంబావు. మొత్తము ఏడు గంటలు. పోనీ, నేరుగా రోడ్డున పోయినచో? కొత్తకోటనుండి బెంగుళూరునకు ఇంచుమించు 430 కిలోమీటర్లు. విశ్రాంతితో కూడ ఏడు గంటలు, ఏడున్నర గంటలు. అనగా రెండును సమానము! విమానమెక్కినవాడు రెండు గంటలు ఉత్తరముగా పోయిన దూరమును ఆకాశమున పది పదిహేను నిమిషములలో వెనుకకు వచ్చి, తన ఊరికి తూర్పున 35 కిలోమీటర్ల దూరమునుండి దాటిపోవుచున్నాడు. అందు అతనికి టికెట్టు ఖర్చు మిగులును గాని కాలము మిగులదు. రైలునందు పోదలచువారికి కొత్తకోట సమీపమున మదనాపురములో వనపర్తి రోడ్డు స్టేషను కలదు.

మూడవ మార్గమొకటి ఇటీవల ఏర్పడినది. కర్నూలుకు ఆవల ఓర్వకల్లువద్ద, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరిట నిర్మించిన విమానాశ్రయమును 2021 మార్చి 25న ప్రారంభించిరి. 28వ తేదీన బెంగుళూరు మొదలగు చోట్లకు విమానములు మొదలైనవి. కొత్తకోటనుండి అది నూరు కిలోమీటర్ల లోపుననే ఉన్నది. పైగా పోవలసిన దిక్కుననే ఉన్నది. కాని చిన్న విమానాశ్రయమున సర్వీసులు తక్కువ, రోజులును మారుచుండును. కబురు వచ్చిన దినముననే విమానముండునన్న భరోసా లేదు. విచారించుకొని పోవలెను.

అట్లయినచో పాలమూరు సీమకే ఒక విమానాశ్రయము ఏల రాదని అడుగుట సహజము. ఇచట దూరము భూగోళ విషయమే కాక చట్టవిషయము కూడ అగుచున్నది. 2004లో శంషాబాదు విమానాశ్రయమునకై కేంద్రప్రభుత్వము నిర్మాణసంస్థతో చేసికొన్న ఒప్పందమున 150 కిలోమీటర్ల నియమమొకటి కలదు. విమానాశ్రయము తెరచిననాటినుండి 25 సంవత్సరములవరకు, ఆకాశదూరమున 150 కిలోమీటర్లలోపల పోటీగా మరియొక విమానాశ్రయము రాకుండ ఆ నియమము కాపాడును. ఈ గడువు 2033నాటికి తీరును. పటముమీద శంషాబాదున కంపాసు ముల్లు గ్రుచ్చి 150 కిలోమీటర్ల వలయము గీచినచో, సుమారు 108 కిలోమీటర్ల దూరమున గల కొత్తకోట లోపల పడును. 170 కిలోమీటర్ల దూరమున గల ఓర్వకల్లు వెలుపల పడును. వరంగల్లులోని మామునూరు 145 కిలోమీటర్లకు అటునిటుగా, అంచునకు లోపల నిలుచును. శంషాబాదు నిర్వహణసంస్థ తన హక్కును సడలించిన పిదపనే 2025లో మామునూరునకు కేంద్రము అనుమతి నిచ్చినది. తెలంగాణ ప్రభుత్వము పరిశీలింపజేసిన స్థలములలో మహబూబ్‌నగర్ జిల్లాలోని గుడిబండ కూడ ఉన్నది. కాని వలయము ఒక్కటే అడ్డు కాదు. మంచి రహదారిమీద రెండు గంటలలో పెద్ద విమానాశ్రయము చేరగలిగిన చోట, చిన్న విమానాశ్రయమున ప్రతిదినము విమానమును నింపుటకు తగిన ప్రయాణికులు దొరకుదురా యన్నది దానికంటె గడ్డు ప్రశ్న.

దగ్గర దూరములకు విమానము తగునా యని ఇతర దేశములవారును ఆలోచించుచున్నారు. రైలులో రెండున్నర గంటలలో చేరగల చోట్లకు దేశములోపలి విమానములను నిషేధించు నియమమును ఫ్రాన్సు దేశము 2023లో అమలులో పెట్టెను. పారిస్‌లోని ఓర్లీ విమానాశ్రయమునుండి లియాన్, నాంట్, బోర్డో నగరములకు విమానములు ఈ నియమమునకు లోబడినవి. అచట వేగవంతమైన రైళ్లు కలవు గనుక అది సాధ్యమైనది. మనకింకను అట్టి రైళ్లు లేవు. మనకు మిగిలినది రహదారియే.

కావుననే రహదారిని గురించి ఒకమాట చెప్పక తప్పదు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున, బెంగుళూరునుండి హైదరాబాదునకు వచ్చుచున్న బస్సొకటి కొత్తకోట సమీపమున పాలెమువద్ద కల్వర్టునకు తగిలి మంటలలో చిక్కుకొనగా 45 మంది ప్రాణములు కోల్పోయిరి. 2025 అక్టోబరు 24న, ఇదే రహదారిమీద కర్నూలు దగ్గర చిన్నటేకూరువద్ద, హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవుచున్న బస్సు దగ్ధమై మరల అనేకులు మరణించిరి. రెండును చీకటివేళ జరిగినవే. ప్రయాణికులు నిద్రలో ఉండు వేళ. గంటకు 80 కిలోమీటర్ల వేగమున 430 కిలోమీటర్లకు ఐదు గంటల ఇరువది రెండు నిమిషములు పట్టును. వేగమును 90కి పెంచినచో నాలుగు గంటల నలువది ఏడు నిమిషములు. మిగులునది ముప్పదియైదు నిమిషములు. దారిలో ఒక్కచోట ఆగి కాఫీ త్రాగినచో ఆ మిగులు తీరిపోవును. అట్టి మిగులుకై నిద్రమాని బండి నడుపుట, లేక నడిపింపుమనుట వివేకము కాదు.

ఇంతవరకు చెప్పినదానిని ఇంటిలో వాడుకొనుటకు వీలుగా సంగ్రహింపవచ్చును. ప్రయాణమును విమానాశ్రయమునుండి కాక, మీ గుమ్మమునుండి చేరవలసిన గుమ్మమువరకు లెక్కింపుడు. విమానకాలమునకు, ఇరువైపుల రోడ్డుకాలముగాక, రెండున్నర గంటలు కలుపుడు. మొత్తము రోడ్డుకాలముకంటె కనీసము రెండు గంటలు తగ్గిననే విమానము లాభకరమని యెంచుడు. శీతకాలపు ఉదయములందు దేవనహళ్ళిలో పొగమంచువలన విమానములు ఆలస్యమగుట తరచుగా జరుగునది; ఆ వేళలకు మరికొంత సావకాశము ఉంచుకొనుడు. శంషాబాదునకు దక్షిణముగా జడ్చర్లవరకు ఉన్నవారికి బెంగుళూరు విమానము కొంత కలిసివచ్చును. కొత్తకోటకు వచ్చుసరికి తరాజు సమముగా నిలుచును. పెబ్బేరు దాటినవారికి రోడ్డే దగ్గర. ఢిల్లీకిగాని, సముద్రముల కావలికిగాని పోవువారికి ఈ సందేహమే లేదు. వారికి శంషాబాదే దారి. వృద్ధులకు, రోగులకు, ఏడు గంటలు కూర్చుండలేనివారికి కాలము సమానమైనను విమానమే సుఖమని తోచవచ్చును. కాని వారికి నడుమ మూడుసార్లు బండి మారు శ్రమ ఉన్నదని మరువరాదు.

దూరమును భూమి నిర్ణయించినది. దానిని మనము మార్చలేము. కాలము మాత్రము దారిని, వేళను, సాధనమును ఎన్నుకొను మన ఆలోచనమీద చాలవరకు ఆధారపడియున్నది. కబురు వచ్చిన తొందరలో కాక, తీరిక వేళ ఒక కాగితముమీద ఈ లెక్క వేసి ఇంటిలో ఉంచుకొన్నచో అవసరము పడిననాడు అది ఉపకరించును.